ఎదురుకాళ్ల మనిషి నడుము

నేను మా అమ్మ కడుపులోంచి కాళ్లు ముందు పెట్టి వచ్చాను. పెద్దేముల్ దగ్గరి మా ఊళ్లో నన్ను ఎదురుకాళ్లది అనేవాళ్లు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుము మీద తంతే పట్టేసిన నడుము వదిలేస్తుందని మా దిక్కు నమ్మకం. అందుకని నాకు నడక సరిగ్గా రాకముందే నా కాలికి పని దొరికింది. కలుపు తీసి తీసి వంగిపోయిన ఆడవాళ్లు, బస్తాలు మోసి లేవలేకపోయిన మగవాళ్లు మా గడప ముందు బోర్లా పడుకునేవాళ్లు. మా అమ్మ నన్ను చంకల కింద పట్టి ఎత్తి, నా ఎడమ కాలు వాళ్ల నడుముకు తాకించేది. వాళ్లు లేచి, దుమ్ము దులుపుకుని, హాయిగా ఉందని చెప్పి పనికి పోయేవాళ్లు.

పెళ్లై తాండూరు వచ్చి, ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్నాక కూడా ఈ పని నన్ను వదల్లేదు. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలిచ్చి, పనిలో పనిగా నేల మీద బోర్లా పడుకునేవాళ్లు. కర్ణాటక సరిహద్దు అవతల నుంచి సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేవాళ్లు కూడా అడ్రసు కనుక్కుని వచ్చేవాళ్లు. మేం చర్చికి పోయేవాళ్లం. ఒకసారి మా పాస్టరు గారికే నడుము పట్టింది. ఆయన ముందు ప్రార్థన చేసుకుని, తర్వాత పడుకున్నారు. నా కాలు తాకితే వాళ్లకు నిజంగా తగ్గేదా అంటే నాకు తెలియదు. కాసేపు బండల నేల మీద కదలకుండా పడుకుంటే ఎవరికైనా కొంచెం హాయిగానే ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు నడుము నొప్పి. ఇవాళ్టిది కాదు, నిన్నటిది కాదు, ఏళ్ల నాటిది. మిషను ముందు కూర్చుంటే నడుములో మొదలై, కుడి తొడ వెనక నుంచి మడమ దాకా దిగుతుంది. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే నిలబడనివ్వదు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. "అందరి నడుములు బాగుచేసేదానివి, నీకు నడుము నొప్పేందే?" అంటారు. నవ్వడం అయిపోయాక నన్ను పైనుంచి కిందికి చూసి, "జర బరువు తగ్గరాదా" అంటారు. నొప్పి అబద్ధమట, లావు మాత్రం నిజమట.

వికారాబాద్‌లో ఎముకల డాక్టరు ఉన్నాడంటే రైలెక్కి పోయాను. స్కానింగ్ చూసి, డిస్కు జరిగిందన్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"బరువు తగ్గాలమ్మా. రోజూ నడవండి."

"నడిస్తే నొస్తున్నది సార్."

"బరువుంది కాబట్టి నొస్తుంది. బరువు తగ్గితే నొప్పి తగ్గుతుంది."

"బరువు తగ్గాలంటే నడవాలె గద సార్."

"అదేనమ్మా నేను చెప్పేది" అని ఆయన గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

తిరుగు రైల్లో తాండూరు దాకా నిలబడే వచ్చాను. కూర్చోవడానికి సీటు లేక కాదు, కూర్చుంటే లేవలేనని. ఒళ్లు మండిపోయింది. నా బరువు సంగతి నాకు తెలియదా? నేను బట్టలు కుట్టేదాన్ని. నా ఒళ్లు ఎప్పుడు ఎంత పెరిగిందో నా మెడలో వేలాడే టేపుకు తెలిసినంత ఏ డాక్టరుకూ తెలియదు. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ వదులుతాం, ముందు ముందు లావైతే విప్పుకోవడానికి. నా జాకెట్లలో విప్పుకోవడానికి ఇంక కుట్లు మిగల్లేదు. అది నాకు ఒకరు చెప్పాలా?

అయినా చెబుతూనే ఉన్నారు. రాత్రి అన్నం మానెయ్, జొన్నరొట్టె తిను అన్నారు. పుట్టిన నాటి నుంచి తింటున్నది జొన్నరొట్టెనే, ఈ ఒళ్లు దాంతో కట్టిందే. గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండుకో అన్నారు, జీలకర్ర వేసుకో అన్నారు. వికారాబాద్‌లో ఒకామె డబ్బాలో పొడి అమ్ముతుందని, అది కలుపుకుని తాగి అక్కడే పాటలకు ఎగిరితే నెలలో సన్నబడతారని ఎవరో చెబితే, ఆశకొద్దీ అక్కడికీ పోయాను. ఎగరమంది. నడుము నొప్పి, ఎగరలేనన్నాను. "నొప్పి లేదని మనసులో గట్టిగా అనుకోండి మేడం" అంది. నా నొప్పి మనసులో లేదమ్మా, నడుములో ఉంది అని చెప్పి, పొడి తాగకుండానే వచ్చేశాను.

ఫోన్‌లో వీడియోలు చూశాను. చువ్వలా ఉన్న ఒక అమ్మాయి చాప మీద పడుకుని, కాళ్లు తల మీదికి తెచ్చుకుంటూ, నవ్వుతూ చేయండి ఫ్రెండ్స్ అంటుంది. నాకు బండల మీదికి దిగడమే ఒక పని, దిగాక పైకి లేవడం ఇంకో పని. పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు పోతే, చీర కింద నేను వేసుకున్న బూట్లు చూసి ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వు కూడా భరించేదాన్ని, నడవగలిగితే. ఒక చుట్టు తిరిగేసరికి కాలు మొద్దుబారి, గోడ పట్టుకుని నిలబడ్డాను. "అప్పుడే అయిపోయిందా?" అని ఒకాయన నా పక్క నుంచి పరిగెత్తుతూ అడిగిపోయాడు.

మా ఆయన బండల పాలిష్ పనికి పోతాడు. ఇరవై నాలుగు గంటలూ రాళ్లతో ఉండే మనిషి, మాట కూడా అట్లాగే ఉంటుంది. నేను మూలిగితే, "నడువు, పోతది" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు.

పోయినేడు ఎండాకాలంలో మా పక్కింటి అక్క వచ్చింది. నీళ్ల బిందె ఎత్తబోతే నడుము పట్టిందట. ఆ పొద్దు నాకే మంచం మీంచి లేవడం కష్టమైంది.

"ఇయ్యాల నాతోని కాదక్కా."

"ఒక్క తన్నే గదనే చెల్లె, నీదేం పోతది" అంటూనే ఆమె బోర్లా పడుకుంది.

తలుపు చట్టం పట్టుకుని, కుడి కాలి మీద నిలబడి, ఎడమ కాలు లేపాను. కాలు ఆమె నడుముకు తాకింది, నా నడుములో ఏదో తెగినట్టయింది. తలుపును కరుచుకుని అక్కడే ఉండిపోయాను. కాలు కింద మోపలేను, ఒళ్లు తిప్పలేను. అక్క లేచింది. అటు వంగి, ఇటు వంగి చూసుకుంది. "మస్తు హాయిగున్నదే" అంది. అప్పుడు నా మొహం చూసింది.

"ఏమైందే? నడుమా? జర ఒళ్లు తగ్గించుకోవే, గప్పుడు గిట్ల పట్టది" అని చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నేను తలుపుకు వేలాడుతూ ఆమె వెళ్లిన వైపే చూశాను. అంత కోపం నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఏడుపు కూడా వచ్చింది గానీ, కోపమే ఎక్కువ. ఆ రోజు నుంచి ఎవరి నడుము మీదా కాలు పెట్టలేదు. ఎవరు వచ్చి పడుకున్నా, లేచి పొమ్మన్నాను. గల్లీలో నాకు గర్వం వచ్చిందన్నారు. దేవుడిచ్చిన కాలును దాచుకుంటే దేవుడు ఊరుకుంటాడా, అందుకే దానికి నడుము నొప్పి పెట్టాడని తేల్చేశారు. నొప్పి ముందొచ్చిందా, మానడం ముందా అని ఒక్కరూ ఆలోచించలేదు.

వానలు మొదలైనప్పుడు, వికారాబాద్‌లో కాపురముంటున్న మా బిడ్డ ఫోన్ చేసింది. నెల తప్పిందట. సంతోషం పట్టలేక, "నీ బిడ్డకు నీళ్లు నేనే పోస్త" అనేశాను.

"నీ నడుముతోనా అమ్మా? ఎవరినన్న పెట్టుకుందాం తియ్యి" అంది.

మా దిక్కు పసిపిల్లకు నీళ్లు పోయడమంటే, పీట మీద కూర్చుని, కాళ్లు రెండూ ముందుకు చాపి, ఆ కాళ్ల మీద పిల్లను పండబెట్టుకుని పోయాలి. మా అమ్మ నా బిడ్డకు అట్లాగే పోసింది. నూనె రాసి, కాళ్లూ చేతులూ సాగదీసి, ముక్కు నిలబెట్టి, పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయేదాకా. మా అమ్మ ఇప్పుడు లేదు. ఇంట్లో నేనుండగా నా మనుమరాలో మనుమడో, ఎవరో కూలికి వచ్చిన మనిషి కాళ్ల మీద పడుకుంటే, నేను కుర్చీలో కూర్చుని చూడాలి. గల్లీ అంతా నన్ను నమ్మకపోతే కోపం వచ్చింది. నా బిడ్డ నా నొప్పిని నమ్మింది, నేను పోయగలనని నమ్మలేదు. అది కోపం కన్నా ఎక్కువ నొచ్చింది.

మళ్లీ రైలెక్కాను. ఈసారి డాక్టరు నన్ను వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి నా లావు మాట ఎత్తలేదు. ఎక్కడ నొస్తుందో చేత్తో చూపించమంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము మెల్లగా పైకి లేపడం నేర్పింది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమంది. నవ్వొచ్చింది, జీవితమంతా చేసిన పనే కదా. నీళ్లు పోసే సంగతి చెబితే, "కాళ్లు చాపి ముందుకు వంగుడు మీకు అస్సలు మంచిది కాదు ఆంటీ. టబ్‌లో పోయొచ్చు కదా" అంది. మంచి పిల్లే. కానీ ఆ మాటకు ఆమె మీద కూడా మండింది. తప్పదంటే గోడకు ఆనుకుని, కాస్త ఎత్తు మీద కూర్చోమంది. ఎత్తు ఉంటే నడుము అంత వంగనక్కర్లేదట.

నడక మాత్రం నేనే నేర్చుకున్నాను. గ్రౌండు మానేసి, పాలిష్ యూనిట్ల రోడ్డు పట్టాను. ఆ రోడ్డుకు రెండు పక్కలా బండలు దొంతులు పేర్చి ఉంటాయి. ఒక దొంతి నుంచి ఇంకో దొంతికి నడిచేదాన్ని, కూర్చునేదాన్ని, లేచి మళ్లీ నడిచేదాన్ని. అప్పటిదాకా నొప్పి వచ్చేదాకా నడిచి ఆగేదాన్ని. నొప్పి రాకముందే ఆగాలని ఆ దొంతుల మీద తెలిసింది. లారీల దుమ్ము మొహాన కొడుతుంటే అట్లా కూర్చుని ఉంటే, దారిన పోయేవాళ్లు, "వాకింగ్‌కు వచ్చి కూర్సున్నది సూడు" అని నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. మీ నవ్వులతో నా నడక ఒక్క దొంతి కూడా తగ్గదు.

ఇంట్లో, మిషను పని అయ్యాక, గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట్లో మోకాళ్లు లేచిపోయేవి, తొడ వెనక తీగ లాగేది. నిజం చెప్పాలంటే పొట్ట కూడా అడ్డమొచ్చింది. పొట్ట దాటి చేయి మోకాలి కిందికి పోదు. బరువు తగ్గాలని అప్పుడు నాకే అనిపించింది, ఎవరూ చెప్పకుండా. రాత్రి అన్నం తగ్గించాను. చుట్టాలొచ్చినప్పుడు మిఠాయి వద్దన్నాను. కందిపప్పును పాత చీర ముక్కలో మూటగట్టి, టవల్ చుట్టి, పసిపిల్ల అంత చేసి, కాళ్ల మీద పెట్టుకుని ఉత్త చెంబుతో నీళ్లు పోసినట్టు చేసేదాన్ని. ఒక సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"పప్పుకు తానం పోస్తున్నవా?"

నేను ఉత్త చెంబు మళ్లీ వంచాను. నడువు పోతది అన్న మనిషికి ఏం చెబుతాను. ఆయన కాసేపు నేను కూర్చున్న తీరు చూశాడు. రెండు రోజులయ్యాక యూనిట్లో విరిగిన బండ ముక్కలు తెచ్చి, స్నానాల గదిలో గోడకు ఆనించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నాకు సరిపోయే ఎత్తులో గద్దె కట్టాడు. దాని గురించి ఒక్క మాట అనలేదు.

క్రిస్మస్‌కు కట్టుకుందామని ఒక జాకెట్టు తీస్తే వదులైంది. మిషను మీద పెట్టి, లోపలికి ఒక కుట్టు వేశాను. ఇన్నేళ్లలో నా జాకెట్టును లోపలికి కుట్టడం అదే మొదటిసారి. సంబరపడి, వికారాబాద్ పోయి డాక్టరుకు చెప్పాను. బరువు కొంత తగ్గింది సార్, నొప్పి తగ్గలేదు అన్నాను. "ఇంకొంచెం తగ్గండి" అన్నాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పోతే ఒకనాటికి మనిషే మిగలదు, అప్పుడు నొప్పి ఉండదులే అనుకున్నాను. పైకి అనలేదు. ఇప్పుడు అనవలసిందనిపిస్తుంది.

నెలలు నిండాక వికారాబాద్‌లో బిడ్డకు స్కానింగ్ చేసి, లోపల పిల్ల తిరగలేదని, కాళ్లు కిందికి ఉన్నాయని, ఆపరేషన్ చేయాలని చెప్పారు. బిడ్డ నా వైపు చూసింది. నేనూ అట్లాగే వచ్చినదాన్ని. పిల్ల క్షేమంగా వచ్చింది, ఆడపిల్ల. ఆసుపత్రి వరండాలోనే మా ఆయన చేయి పట్టుకుని, పిల్ల ఎట్లా పుట్టిందో గల్లీలో చెప్పొద్దని గట్టిగా చెప్పాను. కానీ మాకన్నా ముందు ఇంటికి పోయిన ఆయన నోరు సంతోషంలో ఆగలేదు. ఏడాదిలో మాట్లాడనిదంతా ఆ ఒక్క రోజే మాట్లాడినట్టున్నాడు.

బిడ్డనూ పిల్లనూ తీసుకుని నేను తాండూరు వచ్చేసరికి, నా మిషను గదిలో ఆడవాళ్లు చేరి వాదులాడుకుంటున్నారు. కోసి తీసిన పిల్ల ఎదురుకాళ్ల లెక్కకు వస్తదా రాదా అని.

"కడుపు కోసిన్రు గద, గది ఎట్ల లెక్క?"

"కోస్తేంది? డాక్టరమ్మ కాళ్లు వట్టే గుంజిందంట. కాళ్లే గద ముందొచ్చినయి."

"గట్లైతే వస్తది" అని పక్కింటి అక్క తీర్పు చెప్పింది. "ఈమె మానేసింది గాని, దేవుడు మన గల్లీకి ఇంకో కాలు పంపిండు."

పిల్ల ఇంకా కళ్లు సరిగ్గా తెరవలేదు. అప్పుడే దాని కాలు గల్లీకి పంచేశారు.

బొడ్డు ఊడిన మర్నాడు పిల్లకు మొదటి నీళ్లు. నేను నీళ్లు కాచి, చల్లార్చి, నూనె గోరువెచ్చన చేసి పెట్టుకున్నాను. ఇంతలో గల్లీ ఆడవాళ్లతో పాటు అక్క ఒక ముసలామెను వెంటపెట్టుకుని వచ్చింది. నీళ్లు పోయడంలో చేయి తిరిగిన మనిషట. అక్కే పోయి పిలుచుకొచ్చింది, నన్ను అడగలేదు.

"నీతోని ఏడైతది చెల్లె, గా నడుముతోని, గా ఒళ్లుతోని. ఈమె పోస్తది, నువ్వు సూడు."

మా బిడ్డ పిల్లను ఎత్తుకుని మంచం మీద కూర్చుని ఉంది. నా వైపు చూసి, ఆ ముసలామె వైపు చూసింది.

"నా ఇంట్ల నేనే పోస్త" అన్నాను. "నడుము నొస్తున్నదని నేను చెప్పిననాడు ఒక్కరు ఇనలేదు. ఇయ్యాల నా నడుము మీద మీకు ఫికర్ పుట్టిందా?"

స్నానాల గదిలోకి పోయి, మెల్లగా గద్దె మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి, కాళ్లు చాపాను. అందరూ గుమ్మంలో చేరారు. చేతులు చాపితే బిడ్డ లోపలికి వచ్చి పిల్లను ఇచ్చింది. కాళ్ల మీద పండబెట్టుకున్నాను, తల నా పాదాల వైపు, కాళ్లు నా పొట్ట వైపు. కందిపప్పు మూట కదలదు. ఇది కదులుతోంది, జారుతోంది. నూనె రాసే లోపే నా తొడ వెనక తీగ లాగడం మొదలైంది. పళ్లు బిగించి, వంగకుండా, చేయి మాత్రం చాపి పోశాను.

నీళ్లు పడగానే పిల్ల కెవ్వున ఏడ్చి, రెండు కాళ్లతో నా పొట్టలో తన్నింది. ఊళ్లో అందరూ చూసి, చెప్పి, నవ్విన పొట్ట. మళ్లీ తన్నింది, ఇంకా గట్టిగా.

"అగో, అమ్మమ్మను తన్నింది. ఇగ నీ నడుము నొప్పి పాయె చెల్లె" అని అక్క చప్పట్లు కొట్టింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె వెనక్కి తిరిగి, కొంగు పక్కకు తీసి, నా పక్కన వీపు పెట్టి కూర్చుంది. "జర గా కాలు నా నడుముకు తాకియ్యి, తడి ఆరకముందే."

నేను చెంబు కింద పెట్టాను. పిల్ల పాదాలు రెండూ ఎడమ చేత్తో పట్టుకున్నాను. రెండూ ఒక గుప్పిట్లో పట్టాయి.

"తాకియ్య."

"పసిపిల్ల కాలే గదనే, దానికేం పోతది?"

"నన్ను గూడ గిట్లనే ఎత్తి తాకిచ్చిన్రు. అప్పుడు గూడ ఏం పోతదన్నరు. నా కాలు మీరంత వాడుకున్నరు అక్కా. నా నడుము పోయి నేను తలుపుకు వేలాడుతుంటే, ఒళ్లు తగ్గించుకొమ్మని చెప్పి చెప్పులేసుకుని పోయినవు. దీని కాలు దీనిదే. ఎవ్వలి నడుముకు తాకది. ఇది పెద్దగైనంక ఎక్కడన్న నొస్తున్నదంటే నమ్మున్రి, గది చాలు."

అక్క కొంగు సర్దుకుని లేచింది. ఆమె మొహం నల్లబడింది.

"మరి నీకు తగ్గిందా లేదా? తన్నింది గద" అంది, మొండిగా.

"తగ్గలేదు" అన్నాను.

బాలింత ఇంట్లో ఇట్లా ఒర్లుతారా అని సణుక్కుంటూ ఆమె ముసలామెను తీసుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు మాత్రం నేను లేవడం చూస్తూ నిలబడ్డారు. బిడ్డ పిల్లను అందుకున్నాక, ఒక పక్కకు ఒరిగి, మోకాలు మడిచి, గోడ పట్టుకుని, ఆగి, మళ్లీ కొంచెం లేచి, మళ్లీ ఆగి, నిలబడ్డాను. దానికి ఎంతసేపు పడుతుందో వాళ్లు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎవరూ నా బరువు గురించి ఏమీ అనలేదు.

ఆ రోజంతా మంచం దిగలేకపోయాను. మర్నాడు పొద్దున నీళ్లు కాగాక, గోడ పట్టుకుని పోయి గద్దె మీద కూర్చుని కాళ్లు చాపాను. మా బిడ్డ వచ్చి, నీ నడుము ఎట్లుందని గానీ, పోయగలవా అని గానీ అడగకుండా, పిల్లను నా కాళ్ల మీద పెట్టింది.